కుంకుడు రసంలో గ్రాఫీన్ కలపబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

హైదరాబాద్ ఉద్యోగం వదిలేసి భీమవరం వచ్చేస్తావట. చెరువు గట్టు మీద మేత గోడౌన్‌లో సగం ఖాళీ చేయించుకుని గ్రాఫీన్ సిరా తయారు చేస్తావట. "పెన్సిల్ ముల్లు నూరి కుంకుడు రసంలో కలిపి అమ్ముతుందట అక్కా, నువ్వైనా చెప్పు" అని మీ నాన్న ఫోన్‌లో ఒకటే గోల. వాడి మాటకి నవ్వాను గానీ, తర్వాత నిద్ర పట్టలేదు. ఈ రసాయనాల పిచ్చి మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదని తెలిసి ఎంత సంబరపడ్డానో, అంత టెన్షన్ కూడా పట్టుకుంది. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. నీళ్లని ఎంచుకున్నావు, అది మంచి పని. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్ అనే శాస్త్రవేత్తలు పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైట్ నుంచి టేపుతో ఒక్క పొర లాగారు, గ్రాఫీన్ అంటే ఆ ఒక్క పొరే. 2010లో నోబెల్ తీసుకున్నారు. టేపుతో సైన్స్ అయితే వచ్చింది గానీ సరుకు రాదు కదా. 2008లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వాళ్లు గ్రాఫైట్‌ని ద్రావకంలో వేసి, అల్ట్రాసౌండ్‌తో పొరలు విడదీసి చూపించారు. వాళ్లు వాడిన ఎన్ఎంపీ అనే ద్రావకం కడుపులో బిడ్డకి హాని చేసే రకం. మరిగేది 200 డిగ్రీలు దాటాక, కాబట్టి ఎండబెట్టినా ఒక పట్టాన వదలదు. అలాంటి డబ్బా ముందు రోజూ నువ్వు నిలబడటం నాకు ఇష్టం లేదు.

నీళ్లతో చిక్కేమిటో నీకు తెలుసు. వాటి తలతన్యత, అంటే పైపొర బిగువు, మీటరుకి 72 మిల్లీన్యూటన్లు, గ్రాఫీన్‌కి నచ్చే ద్రావకాలది 40 దగ్గర. మధ్యవర్తి లేకపోతే విడదీసిన గ్రాఫీన్ రేకులు మళ్లీ ఒకదానికొకటి అతుక్కుని అడుక్కి పోతాయి. కుంకుడులో నురుగు తెప్పించే సాపోనిన్ ఒక పక్క రేకుని, మరో పక్క నీటిని పట్టుకుంటుంది. తలంటు రోజు తల మీద నూనెని వదిలించేది కూడా అదే గుణం. తుమ్మ జిగురు, చెట్ల నుంచి వచ్చే లిగ్నిన్, టానిక్ ఆమ్లం, మొక్కల పీచుని మార్చి చేసే సీఎంసీ, అన్నీ తలా ఒక పద్ధతిలో ఈ పని చేసేవే.

కొన్ని మాటలు గబగబా చెప్పేస్తాను. మన బోరు నీళ్లు వాడకు, ఆ ఉప్పుకి రేకులు గడ్డకడతాయి, లవణాలు తీసేసిన డీఐ వాటర్ కొనుక్కో. అల్ట్రాసౌండ్ పుట్టించే ప్రోబ్ సోనికేటర్ పెడితే చుట్టూ ఐసు పెట్టు, ప్రోబ్ మొన అరిగి టైటానియం రజను సరుకులో కలుస్తుందని గుర్తుంచుకో. డబ్లిన్ వాళ్లే 2014లో వంటింటి బ్లెండర్‌తో కూడా పొరలు విడతాయని చూపించారు కాబట్టి మొదట్లోనే ఖరీదైన మిషన్ల జోలికి పోకు. మిక్సీ మాత్రం కొత్తది కొనుక్కో, మీ అమ్మది ముట్టుకోకు. పొడిని తూకం వేసేటప్పుడు ఫ్యాన్ ఆపు, మంచి మాస్కు పెట్టుకో. ఒకసారి తడిపాక మళ్లీ పొడి కానివ్వకు. మా ఫ్యాక్టరీలో కార్బన్ బ్లాక్ అనే మసి పొడి బస్తాలు విప్పేవాళ్లు సాయంత్రం ముక్కు చీదితే రుమాలు నల్లగా అయ్యేది. ఈ మాస్కు విషయంలో నాతో వాదించకు.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను పెయింట్ కంపెనీ ల్యాబ్‌లో చేరిన కొత్తలో నీళ్లలో కలిపే నల్ల రంగు పేస్టు ఒకటి మొదలుపెట్టారు. కార్బన్ బ్లాక్, నీళ్లు, చిక్కదనానికి సీఎంసీ. సీఎంసీ అంటే మొక్కల పీచుని మార్చి చేసిన పొడే, ఐస్‌క్రీములో కూడా వేస్తారు. ఆ వారం స్టోర్సులో ప్రిజర్వేటివ్ అయిపోయింది. "చెట్టు సరుకే కదా, ఏమవుతుంది, నెల తిరక్కుండా అమ్ముడుపోతుంది" అని మేనేజరు గారు బ్యాచ్ వదిలేశారు. మిక్సర్ దగ్గర పనిచేసే పెద్దాయన మూత దగ్గర ముక్కు పెట్టి, "అమ్మా, ఇది పుల్లబడుతోంది" అన్నాడు. ఆయనకి చదువు లేదు కాబట్టి ఆయన ముక్కుని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఎండలు ముదిరేసరికి డీలర్ల దగ్గర్నుంచి ఫోన్లు. డ్రమ్ముల మూతలు బూరెల్లా ఉబ్బాయి. వెనక్కి తెప్పించి మొదటిది తీస్తే బుస్సుమని గ్యాసు, మురిగిన గుడ్డు కంపు. పైన గోధుమ రంగు నీళ్లు తేలాయి. గరిట దింపితే అడుగున నల్లటి ముద్ద, గోకినా రాలేదు. పీహెచ్ కాగితం ముంచితే పులుపు చూపించింది. అక్కడితో పోయినా నష్టం కొంతే. మేనేజరు గారు ఏం చేశారంటే, మిగిలిన డ్రమ్ములన్నిటిలో ప్రిజర్వేటివ్ రెట్టింపు పోయించి, మళ్లీ తిప్పించి, కొత్తగా సీఎంసీ వేయించి పంపించమన్నారు. ల్యాబ్‌లో కల్చర్ వేస్తే ఒక్క క్రిమి కూడా మొలవలేదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. చిక్కదనం మాత్రం రోజురోజుకీ పడిపోతూనే ఉంది! క్రిములు చచ్చాయి గానీ, అవి బతికుండగా వదిలిన ఎంజైమ్ చావలేదు. సెల్యులేజ్ అంటారు. ప్రిజర్వేటివ్‌కి అది లొంగదు. కొత్తగా వేసిన సీఎంసీని కూడా అదే తాపీగా ముక్కలు చేసుకుంటూ పోయింది. రెండోసారి పంపిన సరుకంతా రెండోసారి వెనక్కి వచ్చింది. పెద్దాయన డ్రమ్ములు కడుగుతూ నా వైపు చూసి ఏమీ అనలేదు.

ఇంత కథ ఎందుకు చెప్పానంటే, నీ గ్రాఫీన్‌ని నీళ్లలో తేల్చి ఉంచేది ఏదైతే ఉందో, అదే క్రిములకి భోజనం. కుంకుడు రసమైతే మన ఊరి ఎండకి రెండో రోజుకే మారిపోతుంది. అది పాడైందంటే రేకులు దిగిపోతాయి. కాబట్టి రసం కాచి వడకట్టి, ఆ రోజే వాడెయ్. ప్రతి బ్యాచ్ నుంచి ఒక సీసా 40 డిగ్రీల దగ్గర నెలపాటు ఉంచు. వారానికోసారి పీహెచ్ చూడు, చిక్కదనం చూడు, వాసన చూడు. చెడిన బ్యాచ్‌ని బాగుచెయ్యాలని చూడకు, పారబొయ్. బీఐటీ లాంటి ప్రిజర్వేటివ్ కలపాల్సి వస్తే కలుపు, అందులో సిగ్గేమీ లేదు. కలిపాక డబ్బా మీద "నూరు శాతం సహజం" అని రాస్తే మాత్రం నేనే వచ్చి చింపేస్తాను.

పారబొయ్ అన్నాను కదా, ఎక్కడ పారబోస్తావు? నా నిద్ర చెడగొట్టింది ఇదే. ఆ గోడౌన్ పక్కన బోదె నేరుగా మీ నాన్న చెరువులోకి పోతుంది. రొయ్యల చెరువుల్లో చెత్త చేపల్ని చంపడానికి టీ సీడ్ కేక్ అనే టీ గింజల పిండి చల్లుతారే, అందులో పనిచేసేది సాపోనినే. చేప మొప్పల్ని దెబ్బతీస్తుంది. రొయ్య తట్టుకుంటుంది, చేప తట్టుకోలేదు. మీ నాన్నవి చేపలు, అమ్మలూ. మనం తలకి రుద్దుకునేది కదా అని ఆ కడుగు నీళ్లు బోదెలోకి వదిలావో, తెల్లారేసరికి బొచ్చెలన్నీ వెల్లకిలా తేలతాయి. గ్రాఫీన్ సంగతి సరేసరి, అదీ నీళ్లలోకి పోకూడదు. సిమెంటు తొట్టి కట్టించి, అందులోనే ఆరబెట్టి, అడుగున మిగిలింది సంచిలో కట్టు. తొట్టి కట్టాకే మిక్సీ కొను.

అందుకే నా ఓటు కుంకుడుకి కాదు, తుమ్మ జిగురుకి. కుంకుడు నురుగు రేకుల్ని పైకి ఎత్తుకుపోతుంది, సిరా ఆరాక సూది బెజ్జాలు మిగులుస్తుంది. పైగా కాయ ఏ చెట్టుది, ఏ నెలలో కోశారు, ఎన్నాళ్లు ఎండింది అన్న దాన్ని బట్టి సాపోనిన్ మారుతుంది. ఈ బ్యాచ్ లాగే వచ్చే బ్యాచ్ కావాలని అడిగే కొనుగోలుదారుకి ఏం చెబుతావు?

ఇంకో భయం. నల్లగా ఉన్నదల్లా గ్రాఫీన్ కాదు. సింగపూర్ శాస్త్రవేత్తలు 60 కంపెనీల సరుకు తెప్పించి పరీక్షించి 2018లో ప్రచురించారు. ఎక్కువ కంపెనీల పొడిలో గ్రాఫీన్ పది శాతం కూడా లేదు, మిగతాది సన్నగా నూరిన గ్రాఫైటే. నీ సరుకు ఆ జాబితాలో చేరకూడదు. యూవీ కాంతి పరీక్షలో 270 నానోమీటర్ల దగ్గర శిఖరం కనబడగానే గంతులెయ్యకు, లిగ్నిన్ వాడితే అది 280 దగ్గర తనే పీలుస్తుంది. ప్రతిసారీ గ్రాఫీన్ లేని ఉత్త రసాన్ని పోలికకి బ్లాంక్‌గా పెట్టు, గాఢతని 660 నానోమీటర్ల దగ్గర కొలువు. ఎన్ని పొరలున్నాయో లేజర్‌తో చేసే రామన్ పరీక్షే చెప్పాలి, అందులో 2700 దగ్గర వచ్చే 2డి అనే శిఖరం ఆకారం చూడాలి.

కాగితం మీద కరెంటు పారే సిరా అన్నావటగా, జిగురు కరెంటుని ఆపుతుంది. రేకుకీ రేకుకీ మధ్య అదే అడ్డం కూర్చుంటుంది. దాన్ని కాల్చెయ్యాలంటే 300 డిగ్రీల దాకా వెళ్లాలి, ఈలోపే కాగితం మాడుతుంది. అందుకని ఎక్కువైన జిగురుని ముందే కడిగెయ్, ఆరిన గీతని రోలరు కింద గట్టిగా నొక్కు. మాంచెస్టర్‌లో కాగితం మీద యాంటెన్నాలు వేసినవాళ్లు కూడా అలా నొక్కే సిరాలో కరెంటు బాగా పారేలా చేశారు. ఇక ఇనుముకి వేసే ప్రైమర్‌లో కలుపుతానన్న ఆలోచన మానుకో. ఆ పూత మీద గీత పడి ఇనుము బయటపడ్డ చోట గ్రాఫీన్ తుప్పుని ఇంకా తొందరపెడుతుంది. ముప్పాతిక జీవితం పెయింట్లలో గడిపినదాన్ని, ఈ ఒక్కటైనా నా మాట విను.

చాలా తిట్టాను. రామన్‌కి ఎవరూ ఊరికే శాంపిల్ పెట్టి ఇవ్వరు, మీ నాన్నని అడిగితే మళ్లీ గోల. మొదటి ఏడాది పరీక్షల ఖర్చు నాది, బిల్లులు నాకు పంపు. తొట్టి కట్టే మేస్త్రీకి కూడా నేనే ఇస్తాను. కుంకుడుకాయలకి మాత్రం పైసా ఇవ్వను.

నీ
అత్త