ఆ మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎలా చూడాలంటే

తిరుపతి

చిరంజీవి పాపకు,

పెదనాయన ఆశీస్సులు. మీ పల్ప్ ఫ్యాక్టరీకి అసెప్టిక్ బ్యాగులు (గుజ్జు చెడకుండా నింపే సంచులు) సరఫరా చేసే కంపెనీ బ్యాంకు ఖాతా మారిందంటూ వచ్చిన మెయిల్ నువ్వు ఫార్వర్డ్ చేశావు, చూశాను. అడ్వాన్సు కొత్త ఖాతాకు వేయమంటున్నారు. తోతాపురి కాయలు లారీల్లో దిగుతున్న రోజుల్లో మీ అకౌంట్స్‌లో ఎవరికీ ఊపిరాడదని ఇలాంటి మోసాలు చేసేవాళ్లకూ తెలుసు. మీ ఓనరు తొందర పెట్టినా సరే, ఇది తేలేదాకా ఒక్క రూపాయి కూడా కదలనివ్వద్దు.

నువ్వు ఫార్వర్డ్ చేసినదాన్ని బట్టి నేనేమీ చెప్పలేను. అందులో ఉండేది నీ దగ్గర్నుంచి నా దగ్గరికి వచ్చిన దారి. వాళ్ల దగ్గర్నుంచి నీకు వచ్చిన దారి నీ మెయిల్‌బాక్సులోనే ఉండిపోయింది. ఫోన్లో కాకుండా ఆఫీసు కంప్యూటర్లో జీమెయిల్ తెరువు. ఆ మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే 'షో ఒరిజినల్' అని వస్తుంది. అక్కడే 'డౌన్‌లోడ్ ఒరిజినల్' ఉంటుంది. దాంతో మెయిల్ మొత్తం ఉన్నదున్నట్టుగా ఒక ఈఎంఎల్ ఫైలుగా వస్తుంది, దాన్ని దాచుకో, నాకూ అటాచ్ చేసి పంపు. అసలు మెయిల్‌ను మాత్రం డిలీట్ చేయొద్దు. రేపు పోలీసులు అడిగేది దాన్నే.

తెరవగానే పేజీ నిండా పిచ్చి గీతల్లాగా కనిపిస్తుంది, టెన్షన్ పడకు. మెయిల్ దారి వివరాలుండే భాగాన్ని హెడరు అంటారు. మనకు కావలసినవి అందులో పది లైన్లు కూడా ఉండవు.

ముందుగా 'ఫ్రమ్' అన్న లైను. అక్కడ ఎవరి పేరు కావాలంటే వాళ్ల పేరు రాసుకోవచ్చు. మెయిల్ పంపే పద్ధతికి 1982లో నియమాలు రాసినప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు కొద్దిమంది, ఎక్కువగా పరిశోధనల్లో ఉన్నవాళ్లే. ఎవరు రాశారో నిరూపించమని అడగాలన్న ఆలోచన ఆ నియమాల్లో లేదు. ఆ తర్వాత 'రిప్లై-టు', అంటే నువ్వు జవాబిస్తే అది వెళ్లే అడ్రసు, ఉందేమో చూడు. ఫ్రమ్‌లో కంపెనీ అడ్రసు ఉండి, రిప్లై-టులో ఏదో ఉచిత మెయిల్ అడ్రసు ఉంటే నాకు ఇంకేమీ చూడాలనిపించదు.

ఇక 'రిసీవ్డ్' లైన్లు, అసలు కథ వీటిలోనే ఉంటుంది. కవరు ఏ పోస్టాఫీసుకు చేరితే అక్కడ ముద్ర పడినట్టు, మెయిల్ ఏ సర్వరుకు చేరితే ఆ సర్వరు ఒక రిసీవ్డ్ లైను రాస్తుంది. కొత్త లైను ఎప్పుడూ పైన చేరుతుంది కాబట్టి అన్నిటికన్నా పాతది అడుగున ఉంటుంది. అందుకే కింది నుంచి పైకి చదవమని అందరూ చెబుతారు. నేనైతే పైనుంచే మొదలుపెట్టమంటాను. అడుగు లైన్లను పంపినవాడు ముందే కల్పించి పెట్టి ఉండొచ్చు, కానీ మన సర్వరు రాసుకున్న లైనును వాడు ముట్టుకోలేడు. మీ ఆఫీసు మెయిల్ గూగుల్ దగ్గరే ఉంది కదా, 'బై ఎంఎక్స్ డాట్ గూగుల్ డాట్ కామ్' అని ఉన్న లైను వెతుకు. బయటివాడు మెయిల్‌ను గూగుల్ చేతికిచ్చిన చోటు అదే. అందులో 'ఫ్రమ్' పక్కనున్న పేరు వాడు చెప్పుకున్నది. చదరపు బ్రాకెట్లో ఉన్న ఐపీ నంబరు, అంటే నెట్‌లో ఆ పంపిన కంప్యూటరు చిరునామా, గూగుల్ తనే చూసి రాసుకున్నది. దాన్ని నమ్ము. దానికి కింద ఉన్నవన్నీ వాడి మాటలే అనుకో.

ఆ నంబరును 'హూఈజ్' అనే నెట్ రిజిస్టరులో వెతికితే అది ఏ కంపెనీకి ఇచ్చిన నంబరో తెలుస్తుంది. '10.' (పది, వెంటనే చుక్క)తో గానీ '192.168.'తో గానీ మొదలయ్యే నంబర్లు ఆఫీసుల లోపల వాడుకునేవి, వాటిని వెతికి లాభం లేదు. ఐపీ ఏ ఊరిదో చెబుతామనే సైట్లను నేను పెద్దగా లెక్కచేయను. తిరుపతిలో ఇంటి కనెక్షనును చెన్నై అనో హైదరాబాద్ అనో చూపించవచ్చు. ఇంకొకటి, ఎవడైనా జీమెయిల్‌ను బ్రౌజర్లో తెరిచి మెయిల్ పంపితే వాడి ఇంటి ఐపీ హెడరులో రాదు, గూగుల్ సర్వరుదే వస్తుంది. అది చూసి మెయిల్ అమెరికా నుంచి వచ్చిందని మీ ఓనరుకు చెప్పేవు సుమా!

పేజీ పైభాగంలో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు పరీక్షల ఫలితాలుంటాయి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పంపిన సర్వరుకు ఆ పేరుతో పంపే అనుమతి ఉందా అని చూసేది ఎస్‌పీఎఫ్. అది చూసేది రిటర్న్-పాత్‌లో (చేరని మెయిల్ తిరిగి వెళ్లే అడ్రసులో) ఉన్న డొమైన్‌ను, అంటే @ తర్వాతి పేరును, నీకు కనిపించే ఫ్రమ్‌ను కాదు. డీకిమ్ ఒక సంతకం, దాన్ని ఏ డొమైన్ పెట్టిందో కూడా చూడాలి. ఈ రెంటిలో ఒకటైనా ఫ్రమ్‌లోని డొమైన్‌తో కలుస్తోందా అని అడిగేది డీమార్క్. కాబట్టి ముందు దాన్ని చూడు. అయితే అక్కడ 'పాస్' అని ఉన్నంత మాత్రాన మనిషి మంచివాడని కాదు. వాడు మీ సప్లయరు పేరులోని 'ఎం' బదులు 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెట్టి సొంతంగా డొమైన్ కొనుక్కుంటే మూడూ పాసే అవుతాయి. డొమైన్‌ను అక్షరం అక్షరం చదవాలి, అదీ కుడివైపు నుంచి. ఆ మధ్య మీ నాయనకు కొండమీద గది ఖాయమైందని ఒక మెయిల్ వచ్చింది. దేవస్థానం సైటు పేరు 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'తో ముగుస్తుంది. ఆ మెయిల్లో దాని తర్వాత ఇంకో చుక్క, ఇంకేదో పేరు, చివర డాట్ కామ్ ఉన్నాయి. ఆ డాట్ కామ్ వాడే అసలు యజమాని, ముందున్నదంతా అలంకారం.

నాకు అన్నిటికన్నా పనికొచ్చేది పాత మెయిల్. పోయిన సీజన్లో అదే సప్లయరు నుంచి వచ్చిన ఇన్వాయిసు మెయిల్‌ను కూడా 'షో ఒరిజినల్'లో తెరిచి రెండూ పక్కపక్కన పెట్టు. మెసేజ్-ఐడీ (ప్రతి మెయిల్‌కూ ఉండే గుర్తింపు) చివర ఉండే పేరు, డీకిమ్ సంతకం, దాటి వచ్చిన సర్వర్లు సాధారణంగా ఒకే తీరుగా ఉంటాయి. 'డేట్' లైనులో ఎప్పుడూ ప్లస్ 0530, అంటే మన దేశపు టైము, ఉండే కంపెనీ మెయిల్లో ఈసారి ప్లస్ 0100 ఉంటే ఆగి ఆలోచించాలి. గూగుల్ రాసే లైన్లలో మాత్రం అమెరికా టైము ఉంటుంది. మైనస్ 0700 అని ఉంటే 12 గంటల 30 నిమిషాలు కలుపు, మన టైము వస్తుంది.

ఇంత చూసినా తేలనిది ఒకటుంది. సప్లయరు మెయిల్‌బాక్సులోకే ఎవడైనా దూరి అక్కడినుంచి రాస్తే హెడర్లన్నీ స్వచ్ఛంగా ఉంటాయి. అందుకని పాత బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేసి, నీకు గొంతు తెలిసిన మనిషితో మాట్లాడు. ఈ మెయిల్లో ఇచ్చిన నంబరుకు మాత్రం చేయొద్దు. దానికి జవాబు కూడా ఇవ్వొద్దు.

ఎవడో పట్టుకోవాలని నువ్వు తిరగొద్దు. ఐపీ వెనకాల మనిషి ఎవరో ఇంటర్నెట్ కంపెనీకే తెలుస్తుంది, వాళ్లు పోలీసులకు చెబుతారు గానీ మనకు చెప్పరు. ఒకే ఐపీని ఒకేసారి చాలామంది వాడుతుంటారు కాబట్టి, సెకన్లతో సహా టైము ఉంటేనే వాళ్లయినా చెప్పగలిగేది. ఈఎంఎల్ ఫైలు పోగొట్టుకోవద్దన్నది అందుకే. మీ ఆఫీసులో ఇంకెవరైనా ఇప్పటికే డబ్బు వేసేసి ఉంటే హెడర్ల సంగతి తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి బ్యాంకుకు చెప్పండి. ప్రతి గంటా లెక్కే.

ఇంకో పని కూడా ఉంది. మీ ఫ్యాక్టరీ పేరుతో ఎవడైనా విదేశాల్లోని మీ కొనుగోలుదార్లకు ఇలాగే రాయొచ్చు. మీ డొమైన్ చూసుకునే అబ్బాయిని డీమార్క్ రికార్డులో ఏముందో అడుగు. 'పీ ఈక్వల్స్ నన్' అని ఉంటే, దొంగ మెయిళ్లను ఆపమని మీరు ఎవరికీ చెప్పనట్టే. ముందు ఎస్‌పీఎఫ్, డీకిమ్ సరిచేసి, కొన్నాళ్లు రిపోర్టులు చూసి, 'క్వారంటైన్'కు (అనుమానం ఉన్నవాటిని పక్కన పెట్టమని), ఆ తర్వాత 'రిజెక్ట్'కు (అసలు తీసుకోవద్దని) మార్చమను. ఒక్కసారే రిజెక్ట్ పెడితే మీ సొంత ఇన్వాయిసులే ఆగిపోగలవు. ఆ అబ్బాయికి అర్థం కాకపోతే నా నంబరు ఇవ్వు, సాయంత్రం ఆరు తర్వాత చేయమను.

మీ పెదనాయన