పెంకు చూసి మోసపోకు

తమ్ముడూ, "నత్తకీ పెంకుంది, పీతకీ పెంకుంది, ఒకటి మొలస్కా, ఇంకోటి ఆర్థ్రోపొడా ఎలా అయ్యాయి?" అని అడిగావు కదా. మొలస్కా, ఆర్థ్రోపొడా రెండూ వెన్నెముక లేని జంతువుల వర్గాలే. పెంకు ఉందా లేదా అని కాదు, అది పెరిగే తీరు చూడు.

భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద ఎవరినడిగినా మోల్టింగ్ గురించి చెబుతారు. రొయ్య ఒళ్లు పెరగాలంటే పాత పెంకు వదిలేయాల్సిందే. కొత్తది గట్టిపడేదాకా నొక్కితే మెత్తగా ఉంటుంది. ఆ పెంకులో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది, కాళ్లకు కీళ్లుంటాయి. నత్త అలా వదలదు. ప్రావారం, అంటే పెంకు కింద ఒంటిని కప్పే మెత్తటి పొర, దాని అంచున కొత్త సున్నం చేరుతూ పెంకు నత్తతోపాటే పెరుగుతుంది. కాళ్ల బదులు ఒకటే కండర పాదం. కాకినాడ తీరంలో సున్నానికి ఏరే గుల్లలూ ఈ బాపతే, కాకపోతే రెండు చిప్పలు కాబట్టి బైవాల్వియా. స్క్విడ్‌కి పైన పెంకే లేదు, అయినా మొలస్కానే. కోసేటప్పుడు చూడు, లోపల సన్నటి పారదర్శకమైన పలక దొరుకుతుంది.

ఇక పడవ అడుగున తెల్లగా అంటుకున్నాయన్నావే, అవి గుల్లలు కావు, బార్నకిల్స్. రొయ్యకు చుట్టాలు. నీళ్లలో ఉంచితే మూత తెరిచి ఈకల్లాంటి కాళ్లు ఆడిస్తాయి. తికమకపడ్డానని టెన్షన్ పడకు, పేరున్న ఫ్రెంచ్ జంతుశాస్త్రవేత్త కువియే అంతటివాడే వీటిని మొలస్కాలో పెట్టాడు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ వాటి లార్వాలు, అంటే పిల్ల దశలు, ఈదడం గమనించి, ఇవి క్రస్టేషియన్లని, అంటే ఆర్థ్రోపొడాలో రొయ్య, పీతల గుంపువని చూపించాడు.

ప్రాక్టికల్స్‌లో నత్త పెంకులోంచి కీళ్ల కాళ్లు బయటికొస్తే అది ఖాళీ నత్త పెంకులో దూరి బతికే సన్యాసి పీత. ఆర్థ్రోపొడా అనే రాయి.