పాత పీసీపీ మ్యాచ్ రైఫిల్‌ని ఇంట్లో ట్యూన్ చేసుకోవచ్చా?

ప్రశ్న ఒంగోలు నుంచి. సెకండ్ హ్యాండ్‌లో, పది మీటర్ల పోటీలకు వాడే పాత పీసీపీ ఎయిర్ రైఫిల్ (సిలిండర్‌లో ఎక్కువ పీడనంతో ముందే నింపిన గాలితో గుండు పేల్చేది) కొన్నారు. రాత్రి గాలి నింపి పెడితే తెల్లారేసరికి గేజ్ కొంచెం దిగుతోంది. గుళ్లు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పడుతున్నాయి. స్పీడ్ పెంచాలి, ట్రిగ్గర్ తేలిక చేయాలి, బట్, అంటే భుజానికి ఆనే వెనక భాగం, తన ఒంటికి సరిపోయేలా మార్చుకోవాలి అంటున్నారు. ఇవన్నీ ఇంట్లో అవుతాయా అని అడిగారు.

మాది కావలి. మా అమ్మాయి కోసం ఇలాంటి పాత జర్మన్ రైఫిల్ ఒక సీనియర్ షూటర్ దగ్గర తీసుకున్నాం. ఫైన్‌వెర్క్‌బావ్ పి70, వాల్టర్ ఎల్‌జీ300, అన్‌షుట్జ్ 8002, స్టేయర్ ఎల్‌జీ110, ఈ తరం రైఫిళ్లన్నిటికీ నేను చెప్పేది దాదాపు ఒకేలా వర్తిస్తుంది. మీ మూడు కోరికల్లో బట్ పని ముందు మొదలుపెట్టండి. ట్రిగ్గర్ స్క్రూల వరకే ముట్టుకోండి. స్పీడ్ పెంచే ఆలోచన మాత్రం మానేయండి. ఎందుకో కింద లెక్కతో సహా రాస్తాను.

అన్నిటికంటే ముందు సిలిండర్ మీద తేదీ చూడండి. నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. ఈ కంపెనీలు సిలిండర్‌కి సాధారణంగా ఇచ్చే ఆయుష్షు తయారైన రోజు నుంచి 10 ఏళ్లు. అది దాటితే పైకి ఎంత మెరుస్తున్నా నింపకూడదు, కొత్తది కొనాలి. ధర వింటే మనసు ఒప్పదు, నాకూ ఒప్పలేదు, అయినా కొన్నాం. 200 బార్ అంటే సుమారు 2,900 పీఎస్ఐ. కారు టైరులో ఉండేది ముప్ఫై చిల్లర. ఆ సిలిండర్ చెంపకు జానెడు దూరంలో ఉంటుంది. పాత రైఫిల్ కొనేటప్పుడు ఈ ఖర్చు కూడా కలుపుకుని బేరమాడాలి. మీరు ఇప్పటికే కొనేశారు కాబట్టి, తేదీ దాటి ఉంటే ఆ రైఫిల్‌ని ఇవాళే ఖాళీ చేసి పక్కన పెట్టండి.

గాలి ఎక్కడ నింపాలన్నది మన వైపు పెద్ద సమస్య. పంక్చర్ షాపు కంప్రెసర్ మహా అయితే 8, 10 బార్ ఇస్తుంది, దానితో పని కాదు. ఎవరో ఒకరు వెల్డింగ్ షాపు ఆక్సిజన్ సిలిండర్‌తో నింపమని సలహా ఇస్తారు. దయచేసి వినకండి. ఎక్కువ పీడనంలో ఉన్న ఆక్సిజన్‌కి లోపల కాస్త గ్రీజో నూనో తగిలితే చాలు, అంటుకుని పేలుతుంది. మిగిలింది సముద్రంలో దిగేవాళ్లు వీపుకి కట్టుకునే స్కూబా ట్యాంకు, లేదంటే ఎక్కువ పీడనం కొట్టే చేతిపంపు. స్కూబా ట్యాంకు నింపించుకోవాలంటే మనకు చెన్నై దాకా పని. మేము చేతిపంపే వాడుతున్నాం. సముద్రం పక్క ఊళ్లలో గాలి నిండా తేమే. పంపు ఆ తేమనంతా పిండి సిలిండర్‌లోకి తోస్తుంది, లోపల నీరు చేరుతుంది. అందుకే ఏసీ గదిలో, ఏసీ కాసేపు నడిచాక పంపు కొడతాను. అక్కడి గాలిలో నీరు తక్కువ. పంపు గాలి పీల్చుకునే చోట సిలికా జెల్ ఫిల్టర్ ఉండాలి, రంగు మారగానే గింజలు మార్చాలి. కాసేపు కొట్టి, పంపు చల్లారాక మళ్లీ కొట్టాలి. వేడెక్కిన పంపుతో ఏకబిగిన కొడితే ముందు పోయేది దాని సీళ్లే. పెద్ద సిలిండర్ ఒకసారి నిండితే మూడు వందల గుళ్ల దాకా వస్తాయి కాబట్టి ఇది రోజూ పడే తిప్పలేం కాదు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. 25 డిగ్రీల గదిలో 200 బార్ నింపిన సిలిండర్‌ని మే నెలలో మూసిన కారులో వదిలేస్తే, లోపల 60 డిగ్రీలయ్యేసరికి అదే గాలి 223 బార్ అవుతుంది. ట్రంకు రోడ్డు మీద టిఫిన్‌కి ఆగినా రైఫిల్ పెట్టె మాతోపాటు హోటల్లోకి వస్తుంది. సర్వర్లు వింతగా చూస్తారు, చూడనీండి.

ఇక లీకు. సిలిండర్ విప్పి ఒక రాత్రి, బిగించి ఒక రాత్రి గేజ్ చూస్తే సగం సంగతి తేలిపోతుంది. విప్పిన సిలిండర్‌లో కూడా గాలి దిగుతుంటే తప్పు సిలిండర్ వాల్వ్‌లోనో, గేజ్ కూర్చున్న చోటో ఉంది. సబ్బు నీళ్లు బ్రష్‌తో రాస్తే బుడగ కనిపిస్తుంది. దాన్ని మీరు విప్పకండి, సర్వీసుకి పంపండి. బిగించినప్పుడే దిగుతుంటే బ్యారెల్ మూతికి ఒక బుడగ, అదే పిల్లల బెలూన్, తొడిగి చూడండి. అది మెల్లగా ఉబ్బితే లోపల ఫైరింగ్ వాల్వ్ సీటు అరిగిందని అర్థం. చాలా మోడళ్లలో రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీడనాన్ని తగ్గించి ఒకే స్థాయిలో పంపే భాగం) దగ్గర బయటి గాలికి తెరిచి ఉండే సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. అక్కడ బుడగ వస్తే రెగ్యులేటర్ లోపలి ఓ-రింగ్ (గాలి ఆపే గుండ్రటి రబ్బరు సీల్) పోయినట్టు. ఇవేవీ కాక సిలిండర్ మరలు కలిసే చోట లీకైతే మీ అదృష్టం, అక్కడి ఓ-రింగ్ మార్చడం ఇంటి పనే.

మార్చే ముందు సిలిండర్ విప్పేసి, లోపల మిగిలిన గాలి పూర్తిగా పోయేదాకా గుండు లేకుండా, మూతి గోడ వైపు పెట్టి పేల్చాలి. చప్పుడు ఆగిపోయాక ఇంకోసారి నొక్కి చూడాలి. పాత రింగ్ తీయడానికి సూది, స్క్రూడ్రైవర్ వాడకండి, గాడిలో గీత పడితే కొత్త రింగ్ కూడా లీకే. వెదురు టూత్‌పిక్ చాలు. లోపలి వ్యాసం, దారం మందం వెర్నియర్‌తో కొలిచి ఆయిల్ సీళ్లు అమ్మే షాపులో అడగండి. రొయ్యల చెరువుల మోటార్ల పుణ్యమా అని నెల్లూరు, ఒంగోలులో అలాంటి షాపులకు కొదవ లేదు. మామూలుగా ఇచ్చేది 70 గట్టిదనం ఉన్న నైట్రైల్ రింగ్. 200 బార్ తగిలే చోట 90ది కావాలని గట్టిగా చెప్పండి, లేకపోతే మెత్తటి రింగ్ సందులోకి పిండుకుపోతుంది. కంపెనీ సీల్ కిట్ దొరికితే అదే మేలు. రింగ్‌కి సిలికాన్ గ్రీజు వేలికి అంటిందా లేదా అన్నంత రాయాలి. మనవాళ్లు కిర్రుమన్న ప్రతిదానికీ కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పట్టుకొస్తారు. వాటిని గాలి తిరిగే చోటికి రానివ్వకండి. నూనె ఆవిరి గట్టిగా ఒత్తుకుంటే దానంతట అదే మండుతుంది.

గుళ్లు పైకీ కిందికీ పోవడం గురించి. ముందు అది రైఫిల్ తప్పా, మీ చేతి తప్పా తేల్చుకోవాలి. బల్లకు బిగించిన వైస్‌లో మెత్తటి గుడ్డలు పెట్టి రైఫిల్‌ని కదలకుండా పట్టి, ఐదేసి గుళ్లు కొట్టండి. గుళ్లన్నీ ఒకే చిల్లులో పోతుంటే రైఫిల్‌ని వదిలేసి మీ భంగిమ చూసుకోవాలి. చెదిరితే అప్పుడు గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టాలి. కొనకపోయినా పర్వాలేదు, షూటింగ్ నేర్పే చోట ఒకటి ఉంటుంది, అడిగి తెచ్చుకోండి.

ఈ రైఫిళ్లు సెకనుకు 170, 175 మీటర్ల వేగానికి తయారైనవి. 0.53 గ్రాముల గుండుకి 172 మీటర్ల వేగం అంటే శక్తి 7.8 జూళ్లు. పది మీటర్లు వెళ్లేసరికి గుండు సుమారు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. వేగంలో 5 మీటర్ల తేడా వస్తే ఆ దిగుడులో తేడా ఒక మిల్లీమీటరు. పది మీటర్ల టార్గెట్‌లో 0.1 పాయింటు అంటే 0.25 మిల్లీమీటరు. అంటే ఒక మిల్లీమీటరుకి 0.4 పాయింటు. ఇది చిన్న విషయం కాదు, కానీ వేగం పెంచడం వల్ల ఇందులో ఒక్క పాయింటు కూడా కలిసిరాదు. కావాల్సింది ప్రతి గుండూ ఒకే వేగంతో రావడం. హ్యామర్ స్ప్రింగ్, వాల్వ్, రెగ్యులేటర్ మూడూ ఒకదానికొకటి కుదిరి ఉంటాయి. స్క్రూ తిప్పి వేగం పెంచితే గాలి ఎక్కువ తాగుతుంది, కుదుపు పెరుగుతుంది, గుండుకీ గుండుకీ తేడా కూడా పెరుగుతుంది. చదునైన మూతి ఉన్న మ్యాచ్ గుళ్లు ఈ వేగానికే చేసినవి. చట్టం వైపు నుంచి చూసినా 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జూళ్లు గానీ 0.177 అంగుళాల బోరు గానీ దాటితే లైసెన్సు కావాలి. మ్యాచ్ రైఫిల్ శక్తిలో ఆ హద్దుకు చాలా కింద ఉంది, అక్కడే ఉండనివ్వండి. చెరువుల మీద నీటికాకుల్ని కొట్టడానికి రెండ్రోజులు ఇస్తావా అని మా బంధువొకాయన అడిగాడు. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది మామా, వల కప్పుకో అన్నాను. అప్పటి నుంచి ముభావంగా ఉంటున్నాడు.

క్రోనోగ్రాఫ్‌తో ఇలా చూడండి. ఇరవై గుళ్లు వరసగా కొట్టి రాసుకోండి. తరవాత రైఫిల్‌ని పావుగంట కదపకుండా వదిలేసి మళ్లీ ఐదు కొట్టండి. విరామం తరవాత మొదటి గుండు మాత్రం బాగా వేగంగా వచ్చి, రెండో దాని నుంచి మామూలైతే, రెగ్యులేటర్ పూర్తిగా మూసుకోవట్లేదు, పీడనం మెల్లగా పైకి పాకుతోంది. మా రైఫిల్‌కి ఉన్న జబ్బు ఇదే. రెగ్యులేటర్‌లో చిన్న ప్లాస్టిక్ సీటు ఒకటి, వరసగా పేర్చిన గిన్నెల్లాంటి స్ప్రింగ్ వాషర్లు ఉంటాయి. ఆ సీటు మీద గుంట పడినా, తేమతో తుప్పు పొడి చేరినా ఇలా అవుతుంది. వాషర్లు ఒక్కటి తిరగేసి పేర్చినా బయటికొచ్చే పీడనం మారిపోతుంది, ఆ పీడనం కొలిచే గేజ్ ఇంట్లో ఉండదు. అందుకే దాన్ని కోచ్ ద్వారా హైదరాబాద్‌లో సర్వీస్ చేసే ఒకాయనకు పంపాం. తిరిగొచ్చాక వరసలో తేడా రెండు మూడు మీటర్లకు మించట్లేదు. అంతకంటే తగ్గించాలని ప్రయత్నించడం నా దృష్టిలో కాలక్షేపం. వేగం నిలకడగా ఉండి గుంపు మాత్రం చెదిరితే గుళ్లు మార్చి చూడండి. తల సైజు 4.49, 4.50, 4.51 అని డబ్బా మీద రాసి ఉంటుంది, బ్యారెల్‌ని బట్టి ఒక్కోదానికి ఒక్కోటి నప్పుతుంది. నప్పిన బ్యాచ్ దొరికితే నాలుగు డబ్బాలు ఎక్కువ తీసుకోండి. బ్యారెల్ శుభ్రానికి ఫెల్ట్ ముక్కలు చాలు, ఇత్తడి బ్రష్ తోయకండి.

ఇప్పుడు అసలు పని, బట్. మేము ఇంట్లో చేసిన మార్పుల్లో మా అమ్మాయి స్కోరు పెంచినవి ఇవే. ముందు షూటింగ్ జాకెట్ వేసుకోండి. జాకెట్ లేకుండా కుదిర్చిన కొలత జాకెట్‌తో పనికిరాదు. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప ఆనించి, మెడ వదులు చేసి, అప్పుడు కళ్లు తెరవండి. వెనక సైట్ చిల్లి మధ్యలో ముందు రింగ్ కనిపించాలి. మెడ సాచి వెతుక్కోవాల్సి వస్తే చీక్ పీస్ (చెంప ఆనించే దిమ్మ) ఎత్తు తప్పు. చిల్లికి పక్కగా కనిపిస్తే చీక్ పీస్ పక్కకు జరగాలి. పాత రైఫిల్ చీక్ పీస్ కొన్నిటికి అంత జరుగుబాటు ఉండదు. అప్పుడు కింద అల్యూమినియం పలకలు పెట్టుకోవాలి. బట్ పొడవు మారిస్తే కంటికీ సైట్‌కీ దూరం మారుతుంది కాబట్టి చీక్ పీస్ మళ్లీ చూడాలి. ఒకసారికి ఒకటే మార్చండి, మార్చిన చోట పెయింట్ పెన్నుతో గీత పెట్టి తేదీ రాయండి. ఎదిగే పిల్లకు లంగా కింద మడత ఎక్కువ వదిలి కుట్టినట్టు, మేము ప్రతి స్క్రూకీ ఇంకా జరిగే చోటు మిగిల్చి బిగిస్తాం.

పలకలు, బరువులు, చేతి కింద దిమ్మ, ఇవన్నీ మా వీధి చివర లేత్ అబ్బాయి చేసిచ్చాడు. పొద్దున లేచింది మొదలు రొయ్యల చెరువుల ఏరియేటర్ షాఫ్టులు తిప్పే చేయి అది, పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. బ్యారెల్ కింద బరువు ముందుకూ వెనక్కూ జరుపుకునేలా చేయించండి. మొత్తం సైట్లతో కలిపి 5.5 కిలోలు దాటకూడదు, పోటీల్లో తూకం వేస్తారు. అదే అబ్బాయి సిలిండర్ అడాప్టర్ చూసి "ఇంతేగా అన్నా, సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు. వద్దన్నాను. గాలి పట్టుకునే ఏ ముక్కా లేత్ షాపులో చేయించకండి, మర సరిగ్గా పట్టినట్టే ఉంటుంది, లోహం ఏమిటో మనకు తెలియదు.

ట్రిగ్గర్‌కి ఎయిర్ రైఫిల్ పోటీల్లో కనీస బరువు నిబంధన లేదు, అందుకే అందరూ తేలిక చేయాలనుకుంటారు. బయటి స్క్రూలతో మొదటి దశ బరువు, రెండో దశ బరువు, అది తగిలే చోటు, బ్లేడు ముందు వెనకలు మార్చుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు వంద గ్రాముల దగ్గర ఉంచి, మొదటి దశకు ఎక్కువ భాగం ఇస్తే వేలికి గోడ స్పష్టంగా తెలుస్తుంది. మార్చాక గుండు లేకుండా డ్రై ఫైర్‌లో పెట్టి బట్‌ని అరచేత్తో తట్టి చూడండి, దానంతట అది పడిపోతే బరువు పెంచాలి. లోపలి కొక్కేలకు రాయి పెట్టి నునుపు చేయడం జోలికి పోకండి. ఆ అంచు ఒకసారి గుండ్రమైతే పార్టు మార్చడమే.

మీరు చేయాల్సింది ఇప్పటికి సిలిండర్ తేదీ చూడటం, బెలూన్ పరీక్ష, ఇరవై ప్లస్ ఐదు గుళ్ల వేగాలు. ఆ అంకెలు, మొదలుపెట్టినప్పుడు గేజ్ ఎంత ఉంది, గది ఎంత వేడిగా ఉంది, గుళ్లు ఏ రకం, ఇవి కింద రాయండి. రెగ్యులేటర్‌దో, వాల్వ్‌దో చూసి చెబుతాను.