మొక్కలు నాటడానికి మాస్టర్సా?

ప్రశ్న: నేను బీఆర్క్ ఫైనల్ ఇయర్. లాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్ చేద్దామనుకుంటున్నా. చెట్లూ పార్కులూ డబ్బున్నోళ్ల ఏరియాల్లో, చెత్త యార్డులూ పొగా పేదోళ్ల ఇళ్ల పక్కన, ఇది మార్చే పని చెయ్యాలనుంది. ఇంట్లోవాళ్లేమో "మొక్కలు నాటడానికి మాస్టర్స్ ఎందుకే" అంటున్నారు. ఈ కోర్సు ఆ పనికొస్తుందా మేడమ్? - ఒక పాఠకురాలు

జవాబు: వస్తుందమ్మా, కాకపోతే కోర్సు ఒక్కటే సరిపోదు. మొక్కలు ఇందులో ఒక భాగమే, నేల వాలు ఎటు, వాన నీళ్లు ఎక్కడ ఇంకాలి, పాత ఫ్యాక్టరీ స్థలమైతే మట్టిలో సీసం లాంటివేమైనా మిగిలాయా, ఇవన్నీ చూసుకోవాలి. ఇంట్లోవాళ్లకి ఇది చెప్పండి చాలు.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ వృత్తికి పేరు తెచ్చిన న్యూయార్క్ సెంట్రల్ పార్కే చూడండి, 1858లో దాని డిజైన్ పోటీలో ఓమ్‌స్టెడ్, వాక్స్ అనే ఇద్దరి డిజైన్ గెలిచింది, అందరి పార్కు అన్నారు, కానీ ఆ స్థలంలో సెనెకా విలేజ్ అని నల్లజాతివాళ్లు భూమి కొనుక్కుని కట్టుకున్న ఊరుండేది, దాన్ని 1857కల్లా ఖాళీ చేయించేశారు. ఇప్పుడు ఎవరూ అలా గెంటక్కర్లేదు, పార్కు బాగుంటే చుట్టూ అద్దెలు పెరిగి అక్కడి పేదోళ్లే సర్దుకుని వెళ్లిపోతారు. అందుకే వాషింగ్టన్‌లో నది మీద తలపెట్టిన ఎలెవెంత్ స్ట్రీట్ బ్రిడ్జ్ పార్క్ వాళ్లు కట్టడం మొదలెట్టకముందే చుట్టుపక్కల వాళ్ల ఇళ్లూ ఉద్యోగాల మీద ప్లాన్ వేసుకున్నారు, నాకు డ్రాయింగుల కంటే ఆ ప్లానే నచ్చింది.

డిజైన్‌తో ఏమీ కాదని కాదు. 1990ల్లో వియన్నాలో పార్కులు గమనిస్తే తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు రావడం తగ్గిపోతోందని తేలింది, ఆట స్థలం దగ్గర మగపిల్లలతో పోటీ పడలేక. రెండు పార్కుల్లో స్థలాన్ని చిన్న చిన్న భాగాలు చేసి, నడకదారులు, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు పెట్టారు, ఆడపిల్లలు మళ్లీ వచ్చారు. బెంచీనే తీసుకోండి, చివర్న చేతులుంటే ముసలివాళ్లు పట్టుకుని లేస్తారు, అదే చెయ్యి మధ్యలో పెడితే చాలాసార్లు అది ఇల్లు లేనివాళ్లు పడుకోకుండా! ర్యాంపు కూడా అంతే, అడుగు ఎత్తుకి కనీసం పన్నెండడుగుల పొడవుండాలి, స్థలం లేదని కుదిస్తే వీల్‌చెయిర్ ఎక్కదు, ఫొటోలో మాత్రం ర్యాంపు ఉంటుంది.

కాబట్టి గీతలతో పాటు అద్దె చట్టాలు, మున్సిపల్ బడ్జెట్ చదవడం నేర్చుకోండి, ఇవి సిలబస్‌లో పెద్దగా ఉండవు. మనుషుల్ని అడగడం కూడా, ప్లాన్ అంతా అయిపోయాక మీటింగ్ పెట్టి రంగు ఏది కావాలి అని కాదు, స్థలం ఏది, అసలు పార్కే కావాలా అన్న దగ్గర్నుంచి. కొన్నిసార్లు వాళ్లకి కావాల్సింది పార్కు కాదు, డ్రైనేజీ.

కాలేజీ చూసేటప్పుడు స్టూడియో ప్రాజెక్టులు బస్తీవాళ్లతో కలిసి చేస్తారా, సెమిస్టర్ అయ్యాక మళ్లీ ఎవరైనా అటు వెళ్తారా అని అక్కడ చదివేవాళ్లనే అడగండి. బ్రోషర్లో అయితే అందరూ చేస్తామనే రాస్తారు.