కంప్యూటర్‌కు 5.1 స్పీకర్లు: ఎంపిక, అమరిక

కడపలోని ఒక చిన్న గదిలో ఉన్న డెస్క్‌టాప్‌కు 5.1 స్పీకర్లు, అంటే ఐదు స్పీకర్లు, లోతైన శబ్దాలిచ్చే ఒక సబ్‌వూఫర్ ఉన్న సెట్టు, ఎలా ఎంచుకొని అమర్చాలన్నది ప్రశ్న. కొనే ముందు సీపీయూ వెనుక భాగాన్ని చూడండి. అక్కడ ఆకుపచ్చ, నలుపు, నారింజ రంగు జాక్‌లు ఉంటే సాధారణంగా ఆకుపచ్చ ముందు స్పీకర్లకు, నలుపు వెనుక వాటికి, నారింజ మధ్య స్పీకరుకూ సబ్‌వూఫర్‌కూ ఉద్దేశించినవి. ఆకుపచ్చ, నీలం, గులాబీ మాత్రమే ఉంటే కొన్ని మదర్‌బోర్డుల్లో వాటినే 5.1కు మార్చుకోవచ్చు, అదీ కుదరకపోతే 5.1 యూఎస్‌బీ సౌండ్‌కార్డు తీసుకోవాలి. మధ్య స్పీకరును మానిటర్ కింద, కుర్చీలో కూర్చున్నవారి ఎదుటి దిశ నుంచి లెక్కిస్తే ముందువాటిని ఇరువైపులా చెరో 30 డిగ్రీల కోణంలో, వెనుకవాటిని సుమారు 110 డిగ్రీల దగ్గర, అంటే కుర్చీకి పక్కగా కాస్త వెనక్కి, ఉంచాలి. మన ఇళ్లలోని నాపరాతి బండలు శబ్దాన్ని తిప్పికొడతాయి కనుక కుర్చీ కింద జంపఖానా పరచి, సబ్‌వూఫర్‌ను గది మూలకు నెట్టకుండా ఉంచితే గుబగుబ తగ్గుతుంది. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో స్టీరియో బదులు 5.1 ఎంచుకోవడం మాత్రం మరువరాదు. చాలామంది ఇక్కడే పొరబడి స్పీకర్లను నిందిస్తారు.