ట్రాకింగ్‌ని ‘నిఘా’ అనొచ్చా? – సమాధానం

మాస్టారూ, విజయనగరంలో మీ కాలేజీ పిల్లల కోసం వెబ్ ప్రైవసీ ప్రమాణాల పత్రాన్ని తెలుగు చేస్తూ ట్రాకింగ్‌కి (వెబ్‌లో మనిషి చేసే పనులను వెంటాడి నమోదు చేయడానికి) ‘నిఘా’ అని రాస్తే, ‘ముందే తీర్పు చెప్పేశారు’ అని ఒకాయన అన్నారని అడిగారు. ఆయన అన్నది నిజమే. నిఘా అనగానే పోలీసులు గుర్తొస్తారు. పోనీ ‘అనుసరణ’ అందామంటే, గురువుగారి వెనకాల నడిచే శిష్యుడు కనిపిస్తాడు.

ట్రాకింగ్ అనే ఉంచండి, మొదట్లోనే అర్థం కట్టేయండి. ‘డూ నాట్ ట్రాక్’ (నన్ను ట్రాక్ చేయొద్దని బ్రౌజర్ సైట్లకు పంపే సంకేతం) కోసం, వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూత్రీసీ సంస్థ బృందం చేసింది అదే. వాళ్ల లెక్కలో ట్రాకింగ్ అంటే: ఒక మనిషి వేర్వేరు సందర్భాల్లో చేసిన పనుల డేటాను సేకరించడం, దాన్నుంచి వచ్చినదాన్ని ఆ సందర్భం దాటించి దాచడం, వాడడం, పంచుకోవడం. ఇందులో తిట్టు లేదు, పొగడ్త లేదు. ఏ పని ట్రాకింగో తేలిపోతుంది.

థర్డ్ పార్టీని ‘మూడో పక్షం’ అంటే మా శ్రీకాకుళంలో ఎన్నికల మాట అనుకుంటారు. ‘పేజీలో దూరిన వేరే సైటు’ అని రాయబోయి ఆగాను. ‘దూరిన’ కూడా తీర్పే కదా! ‘పేజీలో ఉన్న వేరే సంస్థ’ చాలు.

అసలు చిక్కు ‘అజ్ఞాత’ (అనానిమస్) దగ్గరుంది. పేరు తీసేసి నంబరు పెట్టినా, రేపు అదే నంబరుతో అదే మనిషిని గుర్తుపడితే అది మారుపేరే (సూడోనిమ్), అజ్ఞాతం కాదు. ఇంటర్నెట్ ప్రోటోకాల్స్‌లో ప్రైవసీ గురించిన 2013 నాటి పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6973 ఈ రెంటినీ విడివిడిగా నిర్వచించింది. మీరు పంపిన అనువాదం ముక్కలో రెంటికీ ఒకే మాట వాడారు. ముందు అది దిద్దండి.