మా ఇంటి వంతు వచ్చింది, ఏం చేయను?

ఈ నెల ఉత్తరాలు ప్రార్థన గురించి, వాక్యం గురించి అడిగినట్టే మొదలై చాలావరకు వంటింట్లోకి వచ్చి ఆగాయి. నాకేమీ ఆశ్చర్యం లేదు. నలభై ఏళ్లు పాస్టరు గారి భార్యగా బతికినదాన్ని, పొయ్యి దగ్గర నిలబడి విన్న ప్రసంగాలే ఎక్కువ.

*ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మా సంఘంలో ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక్కో ఇంట్లో కాటేజీ ప్రార్థన పెడతారు. వచ్చే నెల రెండో శుక్రవారం మా వంతు. మా ఆయన ఆటో నడుపుతారు. ఇదివరకు టీ, బిస్కెట్లే ఉండేవి. రెండేళ్లుగా ఒకరు పులావు పెడితే ఇంకొకరు చికెన్ బిర్యానీ, పోయినసారి ఐస్‌క్రీమ్ కూడా పెట్టారు. ముప్ఫై మందికి అలా పెట్టాలంటే మేం అప్పు చేయాలి. ఊరెళ్తున్నామని చెప్పి తప్పించుకుందామా అనిపిస్తోంది. నిద్ర పట్టడం లేదు. – ఒక సోదరి, తెనాలి*

ఊరెళ్లకు తల్లీ. కూడిక మీ ఇంట్లోనే పెట్టించుకో, శనగలు ఉడకబెట్టు.

కేజీ శనగలు ముందు రోజు రాత్రి నానబోస్తే తెల్లారేసరికి రెండు కేజీలు దాటతాయి. ఉప్పేసి కుక్కర్లో ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టి, దించేముందు కాస్త పచ్చికొబ్బరి తురుము చల్లి నిమ్మకాయ పిండు. ముప్ఫై మందికి దొప్పల్లో సరిపోతుంది. రెండు లీటర్ల పాలు తెచ్చుకుంటే టీ అయిపోతుంది. ఎవరైనా మొహం అదోలా పెడితే అది వాళ్ల మొహం, నీది కాదు.

మా పెళ్లయిన కొత్తలో ఒక చిన్న ఊళ్లో ఉన్నప్పుడు, కూలికెళ్లే ఒక పెద్దావిడ పట్టుబట్టి కూడిక తన ఇంట్లో పెట్టించుకుంది. ఒకటే గది. చాప పక్కింటిది. కూడిక అయ్యాక ఉప్పు, అల్లం వేసిన మజ్జిగ ఇచ్చింది. మేం పదిహేను మందిమి, ఆమె దగ్గర ఉన్నవి నాలుగు స్టీలు గ్లాసులు. నలుగురు తాగడం, ఆమె బయటికెళ్లి బూడిదతో తోమి కడిగి తేవడం, ఇంకో నలుగురికి పోయడం. వంతు కోసం కూర్చున్నవాళ్లు ఊరికే ఎంతసేపని కూర్చుంటారు, కబుర్లలో పడ్డారు, ఎవరి బిడ్డకు జ్వరమో, ఎవరి మొగుడు వారం నుంచి ఇంటికి రాలేదో ఆ అరగంటలోనే బయటపడింది. ఆ రోజు మా ఆయన ఏ వాక్యం చెప్పారో నాకు గుర్తు లేదు (ఆయనక్కూడా లేదు, అడిగాను). ఆ నాలుగు గ్లాసులు మాత్రం గుర్తున్నాయి.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. తర్వాత మేం పనిచేసిన ఒక సంఘంలో ఇరవై ఆరు ఇళ్ల పేర్లతో కాటేజీ లిస్టు ఉండేది. మూడేళ్లలో అది పదకొండుకు తగ్గింది. రేకుల ఇళ్ల పేర్లు ఒక్కొక్కటే జారిపోయాయి. "పాపం వాళ్లకెందుకండీ ఇబ్బంది" అని కమిటీ వాళ్లు అంటుంటే ప్రేమతోనే అంటున్నారనుకున్నాను. మిగిలిన పదకొండు ఇళ్లూ పెద్దవే, వంటలూ బాగుండేవి, నేనూ కడుపారా తిని వచ్చేదాన్ని. ఒక రోజు ఒకావిడ గుడి మెట్ల మీద నన్నాపి, "మా ఇంట్లో దేవుడి మాట వినబడి రెండేళ్లయింది అమ్మగారూ" అంది. కోపంగా కూడా అనలేదు. లిస్టు తెప్పించి చూస్తే గానీ నాకు విషయం ఎక్కలేదు.

అందుకని ఒక పని చెయ్యి. మీ పాస్టరు గారికి కాదు, ఆయన భార్య, మీ సంఘం అమ్మగారికి చెప్పు. టీ, ఒక్క టిఫిను, అంతకుమించి ఎవరూ పెట్టకూడదని సంఘంలో ఒక మాట అనుకోమను. అందరికంటే ముందు ఊపిరి పీల్చుకునేది ఆ ఐస్‌క్రీమ్ పెట్టినావిడే అయ్యుండొచ్చు, ఆమె గాజులు ఏ బ్యాంకులో ఉన్నాయో మనకేం తెలుసు. పేతురు తన మొదటి పత్రికలో ఆతిథ్యం చేయండి అని ఊరుకోలేదు, సణుగుకోకుండా చేయండి అన్నాడు. అంటే ఆ రోజుల్లోనూ వంటింట్లో సణుగుడు ఉండేదన్నమాట.

*ప్రశ్న: మీరు గతంలోనూ కూడికల్లో భోజనాలు తగ్గించమని రాశారు. నేను సంఘ పెద్దను. ప్రేమ విందు ఉన్న ఆదివారం గుడి నిండుతుంది, లేని ఆదివారం సగం ఖాళీ. అన్నం పెట్టి నలుగురిని వాక్యానికి దగ్గర చేయడం తప్పా? – ప్రకాశం జిల్లా నుంచి*

అన్నం పెట్టడం ఏ రోజూ తప్పు కాదు. దాన్ని ఎర చేయడం తప్పు. మీది ప్రకాశం జిల్లా కాబట్టి మీ ఇంటి కథే మీకు చెప్తాను. 1876 నుంచి 78 దాకా కరువు వచ్చినప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి దొరికేలా చేశాడు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా వచ్చి అడిగితే మాత్రం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారో, దేవుడి కోసం వచ్చారో వాళ్లకే తెలియని రోజులవి, కరువు సాయం ఆగేదాకా ఉండండి అన్నాడు. సాయం ఆగిపోయింది, జనం వెళ్లిపోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మీ గుడి వార్షికోత్సవాల్లో మైకులో వినే ఉంటారు. దాని ముందున్న నెలల గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

మెదక్ గుడి సంగతీ అంతే. కరువు రోజుల్లో జనానికి పని ఇచ్చి అన్నం పెడుతూ మిషనరీ పోస్నెట్ దొర కట్టించాడు, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. అక్కడ పనికి తగ్గ తిండి పెట్టారు, తిండి చూపించి హాజరు వేసుకోలేదు. మీరు ప్రేమ విందు ఆపకండి. ఈ ఆదివారం ఉందని మాత్రం ముందుగా చెప్పకండి, రెండు నెలలు అలా చేసి మళ్లీ రాయండి.

*ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నైట్ షిఫ్టులు. ప్రతి జనవరి ఒకటిన బైబిలు ఏడాదిలో చదివేద్దామని మొదలుపెడతాను, లేవీయకాండం దగ్గర ఆగిపోతాను. నాలుగేళ్లుగా ఇదే. పైగా ఆ తెలుగు నాకు సగం అర్థం కాదు. అమ్మ నాతోనే ఉంటుంది, ఆమెకు చదువు రాదు. – ఒక తమ్ముడు*

లెక్క నువ్వే వేసుకో బాబూ. బైబిల్లో 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదికి అయిపోతాయి. ఆదికాండం 50, నిర్గమకాండం 40. అంటే ఫిబ్రవరి మొదలయ్యేసరికి నువ్వు లేవీయకాండంలో కుష్ఠు మచ్చలు, గోడల మీది పొడలు చదువుతుంటావు, అదీ నైట్ షిఫ్టు చేసొచ్చి. ఎవరైనా ఆగిపోతారు, అందులో నీ భక్తికి వచ్చిన లోటేమీ లేదు.

ఏడాది ప్లాను పక్కన పెట్టు. మార్కు సువార్త తీసుకో, 16 అధ్యాయాలే. అది కూడా నీలో నువ్వు చదువుకోవద్దు, పొద్దున ఇంటికొచ్చి కాఫీ తాగేటప్పుడు అమ్మకు వినిపించేలా పైకి చదువు. భాష సంగతికొస్తే, తెలుగులో కొత్త నిబంధన 1818లో అచ్చయింది, బైబిలు మొత్తం 1854లో. తర్వాత దిద్దుబాట్లు జరిగినా ఆ కాలపు గ్రాంథికం వాసన పోలేదు. వాడుక తెలుగులో అనువాదాలు ఇప్పుడు దొరుకుతున్నాయి, అవి చదివితే పాపమేమీ రాదు. అయితే ఒక తమాషా చూస్తావు. నీకు అర్థం కాని మాట అమ్మకు అర్థమవుతుంది. అరవై ఏళ్లుగా గుడిలో విని విని 'ఏలయనగా' అంటే ఏమిటో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. అక్షరం నీది, అర్థం ఆమెది, ఇద్దరూ కలిస్తేనే పేజీ కదులుతుంది.

లేవీయకాండాన్ని మరీ తిట్టుకోకు. 19వ అధ్యాయం ఒక్కటే తీసి చదువు. పొలం కోసేటప్పుడు ఓరల దాకా పూర్తిగా కోయొద్దు, రాలిన పరిగె నువ్వు ఏరుకోవద్దు, అది బీదలకూ పరదేశులకూ వదిలెయ్యి అని ఉంటుంది. పరిగె అంటే నీకు తెలుసో లేదో, అమ్మనడుగు. మా అమ్మమ్మ కోతలయ్యాక రైతుల పొలాల్లో పరిగె ఏరేది. ఒళ్లో కట్టుకున్న చీర చెంగులో వెన్నులు వేసుకుని, సాయంత్రానికి నడుము పట్టేసేది, రెండు మూడు శేర్లొస్తే పండగ. కొందరు రైతులు కోత కాగానే పశువుల్ని తోలేసేవారు, కొందరు "రేపు తోలతాంలే, ఇవాళ ఏరుకోండి" అనేవారు. అది చదివాక రూతు గ్రంథం తియ్యి, నాలుగే అధ్యాయాలు. బోయజు పొలంలో రూతు చేసింది ఆ పనే. మా అమ్మమ్మకూ చదువు రాదు, కానీ రూతు కథ చదివి వినిపిస్తే మధ్యలో ఆపి, "ఆవిడకు పనోళ్లతో పాటు కూర్చోబెట్టి తిండి కూడా పెట్టాడు, అది చెప్పలేదేం" అని నన్ను అడిగింది. నిజమే, రెండో అధ్యాయంలో ఉంది, నేను గబగబా దాటేశాను.

*ప్రశ్న: నాకు ప్రార్థన చేయడం రాదమ్మా. కూడికలో అందరూ అరగంట చేస్తారు, నా వంతు రాగానే గొంతు ఎండిపోతుంది, రెండు మాటలకే ఆమెన్ అనేస్తాను. మోకాళ్ల నొప్పులు కూడా. – ఒక తల్లి, ఖమ్మం జిల్లా*

రెండు మాటలు చాలు. లూకా సువార్త 18లో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, చేసిన ప్రార్థన ఒక్క వాక్యం, నీతిమంతుడిగా ఇంటికెళ్లింది అతనే. 117వ కీర్తన రెండే వచనాలు, అది కంఠతా పట్టుకో, నీ వంతు రాగానే అదే చెప్పు. కుర్చీలో కూర్చునే చెయ్యి, మోకాళ్లు ఇచ్చినవాడికి వాటి అరుగుదల తెలియదా?

అరగంట ప్రార్థనల గురించి నా సొంత అభిప్రాయం ఒకటుంది. అందులో కొంత దేవుడికి, కొంత పక్కనున్నవాళ్లకు. ఇంతకంటే రాస్తే మా ఆయనకు కోపమొస్తుంది.

*ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పక్క ఫ్లాటు వాళ్లు చాలా మంచివాళ్లు. మా క్రిస్మస్ కేకు సంతోషంగా తీసుకుంటారు, దసరాకు వాళ్లు ప్రసాదం పంపిస్తే మాత్రం ఏం చేయాలో తెలియడం లేదు. మా కూడిక శబ్దం ఎక్కువైందని కూడా ఈ మధ్య మెల్లగా అన్నారు. – విజయవాడ*

రెండోది ముందు చెప్తాను, తేలిక. రెండు బెడ్‌రూముల ఫ్లాటులో మైకు, స్పీకరు ఎందుకు? ఆపండి. గదిలోకి వెళ్లి తలుపేసుకుని ప్రార్థించమన్నది మత్తయి 6లో యేసు ప్రభువే. పక్కింట్లో పదో తరగతి పిల్ల చదువుకుంటూ ఉండొచ్చు.

ప్రసాదం విషయంలో సంఘాలు ఒక్క మాట మీద లేవు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు 8, 10 అధ్యాయాల్లో ఇదే చర్చించాడు, ఒకరి మనస్సాక్షితో ఇంకొకరిని కొట్టొద్దనే ధోరణిలో. మీ మనసు ఒప్పకపోతే తినకండి, అయితే గుమ్మం దగ్గర ప్రసంగం కూడా చేయకండి. "మేం ప్రసాదం తీసుకోం వదినా, ఏమీ అనుకోకండి, మీ పులిహోర అంటే ఇష్టం, పూజకు పెట్టకముందు ఒక గిన్నె పక్కకు తీయండి" అని నేను ఒకావిడతో అన్నాను. ఆవిడ నవ్వి, ఆ ఏటి నుంచీ అలాగే తీసి ఉంచేది. మన కేకు వాళ్లు తినాలి, వాళ్లింట్లో మనం మంచినీళ్లు కూడా ముట్టం అంటే దాన్ని ఆతిథ్యం అనరు.

*ప్రశ్న: టెక్సస్‌లో చదువుకుంటున్న ఆరుగురం తెలుగు అబ్బాయిలం, ఒకే అపార్ట్‌మెంట్. గుడి దూరం, కారు ఒక్కటే. ఆదివారం పప్పుచారు, ఆమ్లెట్ వండుకుని ఒక అధ్యాయం చదువుకుని తింటున్నాం. దీన్ని ఆరాధన అనుకోవచ్చా?*

అనుకోండి నాయనా. గుడిని మాత్రం పూర్తిగా వదిలేయకండి, ఆ ఒక్క కారులో ఈ వారం ముగ్గురు, వచ్చే వారం ముగ్గురు వెళ్లండి, వెళ్లినవాళ్లు వచ్చి మిగతావాళ్లకు చెప్పండి. ఈ ఆదివారం ఫిలేమోను పత్రిక చదవండి, మొత్తం 25 వచనాలే, చారు మరిగేలోపు అయిపోతుంది. పౌలు జైల్లో ఉండి రాసిన ఉత్తరం అది. 22వ వచనంలో, మీ ప్రార్థనల వల్ల నేను వస్తానని ఆశ ఉంది, నాకు బస సిద్ధం చేయి అంటాడు. వాళ్ల ప్రార్థనా, తనకు కావలసిన గదీ ఒకే వాక్యంలో పెట్టేశాడు. ఆగస్టులో కొత్త బ్యాచ్ దిగుతుంది కదా, ఎవరూ తెలియని కుర్రాడు ఒకడైనా ఉంటాడు. ఏడో పరుపు ఎక్కడ దొరుకుతుందో, ఎయిర్‌పోర్టుకు ఎవరు వెళ్తారో ఇప్పుడే అనుకోండి.